ఫోన్ మనది, సాక్ష్యం మనది, సంతకం ఎవరిది?

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చింది. అప్పుడు జరిగిన చర్చ చాలావరకు చట్టాల హిందీ పేర్ల మీద, రాజద్రోహం సెక్షన్ మీద, పోలీసు కస్టడీ రోజుల మీద నడిచింది. అవన్నీ చర్చించాల్సినవే. కానీ ఆ చట్టం చివర షెడ్యూలులో ఒక ఫారం ఉంది. దాని గురించి దళిత సంఘాల్లోనూ, మన లాయర్లలోనూ జరగాల్సినంత చర్చ జరగలేదు. అది ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన సర్టిఫికెట్. దానికి రెండు భాగాలు. మొదటిది ‘ఎ’ భాగం: ఫోనో, కంప్యూటరో, సీసీ కెమెరా డీవీఆరో ఎవరి చేతిలో ఉందో వాళ్ళు నింపాలి. కంపెనీ, మోడలు, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఇఐ నంబరు రాయాలి. ఫైలు తాలూకు హాష్ విలువ ఏ పద్ధతిలో తీశారో టిక్కు పెట్టాలి. రెండోది ‘బి’ భాగం: దాన్ని ‘నిపుణుడు’ నింపి సంతకం చేయాలి.

పాత 65బి సర్టిఫికెట్‌కి ఒక్క సంతకం చాలేది. సెక్షన్ 63(4) రెండు సంతకాలు అడుగుతోంది. అదీ ఒకసారి కాదు, సాక్ష్యాన్ని దాఖలు చేసిన ప్రతిసారీ.

ఇప్పుడు పొన్నూరు మండలంలో ఒక పల్లెను ఊహించుకుందాం. చెరువు గట్టు మీదో, రచ్చబండ దగ్గరో కులం పేరుతో తిట్టారు, కొట్టారు. పక్కనున్న కుర్రాడు ఫోన్‌లో వీడియో తీశాడు. ఆ వీడియోని పెన్‌డ్రైవ్‌లో పెట్టి కోర్టుకి ఇవ్వాలంటే ‘ఎ’ భాగం ఆ కుర్రాడు నింపుతాడు. ‘బి’ భాగం ఎవరు నింపాలి? బస్టాండు దగ్గర సెల్ రిపేరు షాపతనా? గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పే మాస్టారా? హైదరాబాద్‌లో సెక్యూరిటీ టీములో పనిచేస్తున్న మనూరి బీటెక్ కుర్రాడా? లేకపోతే ప్రభుత్వ ల్యాబ్ మాత్రమేనా? సెక్షన్ 63లో దీనికి జవాబు లేదు. ‘నిపుణుడు’ అన్న మాట వాడి, ఆ నిపుణుడెవరో చెప్పకుండా వదిలేశారు.

ఆ మాటను రెండు రకాలుగా చదవొచ్చు. అదే చట్టంలోని సెక్షన్ 39(1) ప్రకారం ఒక విద్యలో ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ళెవరైనా నిపుణులే. ఆ నైపుణ్యం ఉందో లేదో కోర్టు తేలుస్తుంది. 39(2) మాత్రం ఎలక్ట్రానిక్ సాక్ష్యం దగ్గరకొచ్చేసరికి ఐటీ చట్టం సెక్షన్ 79ఎ వైపు వేలు చూపిస్తుంది. ఈ 79ఎ 2008 సవరణతో చేరి 2009 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. కోర్టులకు నిపుణుల అభిప్రాయం ఇవ్వడానికి ‘ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకుల’ను కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేయొచ్చని అది చెబుతుంది. ఎవరిని నోటిఫై చేయొచ్చు? కేంద్ర ప్రభుత్వానికో, రాష్ట్ర ప్రభుత్వానికో చెందిన శాఖని, సంస్థని, ఏజెన్సీని. అంతే. ప్రైవేటు వ్యక్తికి, ప్రైవేటు ల్యాబ్‌కి, స్వచ్ఛంద సంస్థకి అక్కడ చోటు లేదు. హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఈ గుర్తింపు ఉన్నవాటిలో ఒకటి.

అంటే మన దేశంలో కంప్యూటర్ ఫోరెన్సిక్స్ చేసే ఐటీ ఉద్యోగికి లైసెన్సు అని నేరుగా ఏదీ లేదు. ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలను నియంత్రించాలని 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. లైసెన్సు లేకపోతే స్వేచ్ఛ ఉన్నట్టే కదా అనిపిస్తుంది. చేయడానికి స్వేచ్ఛ ఉంది. చేసినదాన్ని కోర్టు ఏ బరువుతో తీసుకుంటుందన్నది వేరే సంగతి. తాళం వేయని గదికి కాపలా పెట్టినట్టుంది ఈ ఏర్పాటు.

అమెరికాలో ఇదే గొడవ ఇంకో రూపంలో నడిచింది. మన జిల్లాల నుంచి వెళ్ళిన ఐటీ వాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో 2007లో ప్రైవేటు డిటెక్టివ్‌ల లైసెన్సు చట్టాన్ని సవరించారు. బయట అందరికీ అందుబాటులో లేని కంప్యూటర్ డేటాను పరిశీలించి, విశ్లేషించి సమాచారం రాబడితే అది ‘దర్యాప్తు’ కిందకే వస్తుందని, దానికి డిటెక్టివ్ లైసెన్సు కావాలని అన్నారు. లైసెన్సు లేకుండా చేస్తే ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. లైసెన్సు కావాలంటే క్రిమినల్ జస్టిస్ డిగ్రీ ఉండాలి, లేదా లైసెన్సున్న డిటెక్టివ్ దగ్గర మూడేళ్ళు పనిచేసి ఉండాలి. కంప్యూటర్ రిపేరు చేసుకునే చిన్న షాపుల వాళ్ళు 2008లో కోర్టుకెళ్ళారు. రిపేరు మాత్రమే చేసేవాళ్ళకి అక్కర్లేదని లైసెన్సు బోర్డు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మిషిగన్‌లో కూడా 2008లో కంప్యూటర్ ఫోరెన్సిక్స్‌ని డిటెక్టివ్ లైసెన్సు కిందకి తెచ్చారు. ఆ ఏడాది ఆగస్టులోనే అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసి, కంప్యూటర్ ఫోరెన్సిక్స్ చేసేవాళ్ళకి డిటెక్టివ్ లైసెన్సు పెట్టొద్దని రాష్ట్రాలను కోరింది. డిటెక్టివ్‌కి హార్డ్ డిస్కు తెలియాలని లేదు, హార్డ్ డిస్కు తెలిసినవాడు మనుషుల వెంటపడి నిఘా పెట్టాల్సిన పని లేదు. ఒకరి లైసెన్సు ఇంకొకరి చదువుకి కొలబద్ద ఎలా అవుతుంది?

అక్కడి తగాదా వ్యాపారుల మధ్యది, ఎవరి బేరం ఎవరు తన్నుకుపోతారన్నది. ఇక్కడ మన ముందున్నది దానికంటే లోతైనది. రాజ్యం మీదే అనుమానం వచ్చినప్పుడు యంత్రాన్ని విప్పి చూసే అర్హత కూడా రాజ్యానికే ఉంటే ఏమవుతుంది? దీనికి మన కళ్ళముందున్న ఉదాహరణ భీమా కోరేగావ్ కేసు.

2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాద్‌లో వరవరరావును అరెస్టు చేశారు. అదే రోజు ఇఫ్లూ క్యాంపస్‌లో ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేశారు. ఆయన దళిత సాహిత్యం మీద పనిచేసే దళిత పండితుడు. ఆ కేసులో నిందితుడు కాదు, వరవరరావు అల్లుడు. గోడ మీద దేవుళ్ళ పటాలకు బదులు అంబేద్కర్, ఫూలే పటాలెందుకున్నాయని పోలీసులు అడిగారని ఆయన ఆ రోజుల్లోనే బహిరంగంగా చెప్పారు. పోతూ పోతూ కంప్యూటరు సామగ్రి పట్టుకుపోయారు. పరిశోధన చేసే ఎవరికైనా దాని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి రాసుకున్న నోట్సు, డ్రాఫ్టులు అన్నీ అందులోనే ఉంటాయి.

ఆ కేసులో ప్రధాన సాక్ష్యంగా ముందుకొచ్చినవి రోనా విల్సన్ లాప్‌టాప్‌లో దొరికిన ఉత్తరాలు. రక్షణ న్యాయవాదులు కోర్టు ద్వారా తమకు అందిన డిస్కు నకలును అమెరికాలో మసాచుసెట్స్‌కి చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ప్రైవేటు ఫోరెన్సిక్ సంస్థకు పంపారు. ఆ సంస్థ ఫీజు తీసుకోకుండా పరీక్షించింది. 2021 ఫిబ్రవరిలో దాని నివేదిక బయటికొచ్చింది. నెట్‌వైర్ అనే మాల్వేర్‌తో ఆ కంప్యూటరు 22 నెలల పాటు బయటివాళ్ళ అదుపులో ఉందని, ఆ ఉత్తరాలు బయటి నుంచి చొప్పించినవని అందులో చెప్పింది. 2016 జూన్‌లో ఎవరో వరవరరావు ఈమెయిల్ ఖాతాని వాడి పంపిన మెయిల్‌తో ఆ చొరబాటు మొదలైందని కూడా చెప్పింది. నాగపూర్‌లో దళితుల కేసులు, ఆదివాసుల కేసులు వాదించే దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటరు 20 నెలల పాటు ఇలాగే అదుపు తప్పిందని మరో నివేదికలో రాసింది.

ఎన్ఐఎ ఏమంది? ప్రభుత్వ ల్యాబ్ పరీక్షలో మాల్వేర్ జాడ ఏదీ కనిపించలేదని పత్రికలకు చెప్పింది. ఆర్సెనల్ నివేదిక చార్జిషీటులో భాగం కాదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని బొంబాయి హైకోర్టులో వాదించింది. ఆ నివేదికలో తప్పుందా, ఒప్పుందా అన్నది విచారణలో తేలాల్సిన విషయం, నిజమే. కానీ విచారణ ఏళ్ళ తరబడి సాగే కేసుల్లో, ఉపా కింద బెయిలు దొరకడమే గగనమైన కేసుల్లో ఆ ‘తేలడం’ ఎప్పటికి? ఆనంద్ తేల్‌తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు లొంగిపోయారు. ఆయనకు బొంబాయి హైకోర్టు బెయిలిచ్చింది 2022 నవంబరులో. స్టాన్ స్వామి 2021 జులై 5న కస్టడీలో ఉండగానే చనిపోయారు.

ఇక్కడ హాష్ విలువ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొత్త ఫారం మొత్తం దాని చుట్టూనే తిరుగుతోంది. హాష్ అంటే ఒక ఫైలుకో డిస్కుకో లెక్కగట్టి తీసే పొడవాటి సంఖ్య, వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. హాష్ తీసిన క్షణం నుంచి ఎవరూ చెయ్యి పెట్టలేదని చెప్పడానికి అది పనికొస్తుంది. అంతకుముందు ఏం జరిగిందో మాత్రం చెప్పదు. సోదాకి నెల ముందే ఎవరైనా ఉత్తరాలు చొప్పించి ఉంటే, సోదా రోజు తీసిన హాష్ ఆ దొంగ ఉత్తరాలతో సహా లాప్‌టాప్‌కి శుద్ధ పత్రం ఇచ్చేస్తుంది. ‘బి’ భాగం సంతకం ఈ చిన్న పనికి. చొప్పించారా లేదా అన్న పెద్ద పనికి డిస్కంతా గాలించగల స్వతంత్ర నిపుణుడు కావాలి. సరిగ్గా ఆ మనిషికే 79ఎ కింద గుర్తింపు లేదు.

సుప్రీంకోర్టుకి ఈ సంగతి తెలియదని కాదు. 2019 నవంబరులో కేరళ నటుడు దిలీప్ కేసులో, మెమరీ కార్డులోని దృశ్యాలు పత్రంతో సమానమని, నిందితుడు తన లాయరుతో పాటు తన నిపుణుణ్ణి కూడా తెచ్చుకుని వాటిని పరిశీలించవచ్చని చెప్పింది. 2021 అక్టోబరు 27న పెగాసస్ కేసులో, మన తెలుగువారే అయిన ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనం, ఫోన్లు పరీక్షించడానికి ముగ్గురితో సాంకేతిక కమిటీ వేసింది. ఆ ముగ్గురూ ప్రొఫెసర్లే. ఒకరు గాంధీనగర్ ఫోరెన్సిక్ యూనివర్సిటీ, ఒకరు ఐఐటీ బొంబాయి, మూడో ఆయన కేరళలోని అమృత అనే ప్రైవేటు యూనివర్సిటీ. ప్రభుత్వం మీదే అనుమానం ఉన్నప్పుడు ప్రభుత్వ ల్యాబ్‌ని నమ్ముకోలేమని అత్యున్నత న్యాయస్థానమే ఆచరణలో ఒప్పుకున్నట్టు కదా! ఆ వెసులుబాటు ఢిల్లీ జర్నలిస్టులకు దొరికింది. పొన్నూరు పక్క పల్లెలో కేసు పెట్టిన మనిషికి దొరకొద్దా?

తిరిగి మన పల్లెకే వద్దాం. నిడుబ్రోలు స్టేషన్‌లో తెనాలి వైపు పాసింజరు ఎక్కితే మోదుకూరు దాటాక చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఉద్యమం పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంది. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన సమయం, జరిగిన చోటు, దాడి చేసినవాళ్ళెవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని చెప్పింది. సమయం, చోటు, మనిషి! ఇవాళ జేబులో ఉన్న ఫోను నమోదు చేసేది సరిగ్గా ఆ మూడింటినే. కళ్ళతో చూసిన దళిత సాక్షి మాటను కోర్టు నమ్మని చరిత్ర ఉన్న నేల ఇది. అందుకే ఆ వీడియో మనకి వేరేవాళ్ళకంటే ఎక్కువ అవసరం. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ప్రణయ్ హత్య ఆసుపత్రి దగ్గర సీసీ కెమెరాకు చిక్కింది; 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం విధించింది. తమిళనాడులో గోకుల్‌రాజ్ కేసులో తిరుచెంగోడు గుడి సీసీటీవీ దృశ్యాలు కీలకమయ్యాయి.

అవి హత్య కేసులు. పెద్ద కేసులు, పత్రికల కన్ను ఉన్న కేసులు. రోజూ జరిగేవి వేరు. అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1) కింద వచ్చే తిట్లు, అవమానాలు, దారి అడ్డగించడాలు, భూమి ఆక్రమణలకు శిక్ష ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ దాకా. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 176(3) ఉంది. ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వచ్చి సాక్ష్యాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని చెబుతుంది. చాలా మంచి ఏర్పాటు. కానీ ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలకే. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు కూడా ఇచ్చారు. ఐదేళ్ళ శిక్ష దగ్గర ఆగిపోయే మన కేసుల్లో చాలావాటికి ఆ నిపుణుడు రానక్కర్లేదు. రాకూడదని కాదు, రావాలన్న నిర్బంధం లేదు. నిర్బంధం లేని చోట మన పల్లెలకు ఏది ఎంత వేగంగా వస్తుందో అందరికీ తెలుసు.

దీంట్లో తిరకాసు చూడండి. పోలీసులు నిపుణుణ్ణి పంపాల్సిన పని లేదు. బాధితుడు వీడియో ఇస్తే మాత్రం నిపుణుడి సంతకం కావాలి. కులం పేరుతో తిట్టింది జనం చూసే చోట జరగాలని సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) అడుగుతాయి, కాబట్టి అక్కడెవరున్నారో చూపించే వీడియోనే అసలు ఆయువుపట్టు.

ఒక దారి ఉంది. 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు, 2014 నాటి అన్వర్ తీర్పును నిలబెడుతూ సర్టిఫికెట్ తప్పనిసరి అంది. అసలు పరికరాన్నే కోర్టుకి తెచ్చి, దాని యజమాని బోనెక్కి ‘ఇది నా ఫోను, నేనే తీశాను’ అని చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అంది. అది పాత చట్టం మీద వచ్చిన తీర్పు. కొత్త చట్టం కిందా ఆ సూత్రమే నిలుస్తుందని న్యాయవాదులు వాదించగలరు. కానీ దాని ఖరీదు చూడాలి. ఫోను సీజైతే ఎప్పుడొస్తుంది? మిరపకోతలకి పోయే ఇంట్లో ఫోను ఒక్కటే ఉంటుంది. మేస్త్రీ పిలుపు అందులోకే వస్తుంది, బ్యాంకు ఓటీపీ అందులోకే వస్తుంది, పిల్లకి కాలేజీ మెసేజీ అందులోకే వస్తుంది. సాక్ష్యం ఇచ్చినందుకు ఫోను పోగొట్టుకున్న కుటుంబం ఇంకోసారి వీడియో తీస్తుందా?

మరి ఎవరికి పడితే వాళ్ళకి ‘నిపుణుడు’ అన్న హోదా ఇచ్చేయమంటామా? నేను అలా అనను. డబ్బున్న ముద్దాయికి అనుకూలంగా సంతకం పెట్టే నిపుణులు రేపు వీధికొకరు పుట్టుకొస్తారు. వాళ్ళని కొనుక్కోగలిగేది మనం కాదు, పెత్తందార్లు. నోటరీల సంగతి చూస్తున్నాం కదా. కాబట్టి అర్హత ఉండాలి, జవాబుదారీ ఉండాలి, తప్పుడు సంతకానికి శిక్ష ఉండాలి. అయితే ఆ అర్హత చదువునీ పనినీ కొలవాలి. ఏ శాఖ జీతం తీసుకుంటున్నాడన్నది కొలవకూడదు. ఫీజు రీయింబర్స్‌మెంటుతో బీటెక్ చదివిన మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు ఇవాళ కంపెనీల్లో సర్వర్ల మీద దాడులు ఎలా జరిగాయో తవ్వి తీస్తున్నారు. బహుళజాతి బ్యాంకు వాళ్ళ రిపోర్టు మీద కోట్ల రూపాయల నిర్ణయాలు తీసుకుంటుంది. అదే పిల్ల సొంతూరి కేసులో ఒక వీడియో ఫైలు హాష్ సరిపోయిందని సంతకం పెడితే చెల్లుతుందో లేదో చెప్పగలిగినవాడు లేడు. హాష్ తీయడానికి లక్షల ఖరీదు చేసే సామాను కూడా అక్కర్లేదు. విండోస్ కంప్యూటరులో సర్ట్‌యుటిల్ అనే ఆదేశం ముందే ఉంటుంది, నిమిషం పని. ఖరీదైనది ఆ పని కాదు, దాని కింద పెట్టే సంతకం.

చేయగలిగినవి పెద్దవేమీ కావు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా సంస్థ లాయర్ల ప్యానెల్ పెట్టినట్టే ‘బి’ భాగం నింపే నిపుణుల ప్యానెల్ కూడా పెట్టొచ్చు. యూనివర్సిటీల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు చెప్పేవాళ్ళని, ఐటీ ఉద్యోగుల్ని పరీక్ష పెట్టి అందులో చేర్చుకోవచ్చు. వాళ్ళకి ఫీజు ప్రభుత్వమే ఇవ్వాలి. సెక్షన్ 63లోని నిపుణుడంటే 79ఎ ల్యాబ్ ఒక్కటే కాదని హైకోర్టు ఒక సర్క్యులర్‌తోనైనా, తీర్పుతోనైనా స్పష్టం చేయాలి. ఇక 79ఎని మార్చి యూనివర్సిటీలకు, స్వతంత్ర ల్యాబులకు తలుపు తెరవడం పార్లమెంటు పని. దానికి మన ఎంపీలను అడగాలి. అట్రాసిటీ కేసుల్లో చార్జిషీటుకి 60 రోజుల గడువుంది. ల్యాబ్ రిపోర్టు ఆలోపు రాకపోతే ఆ గడువుకి విలువేముంది?

ఈలోగా కేసులు ఆగవు. కాబట్టి ఫిర్యాదు రాసే దగ్గర్నుంచే కొన్ని చూసుకోవాలి. వీడియో తీసిన ఫోను ఎవరిదో, దాని ఐఎంఇఐ నంబరు ఎంతో, ఏ తేదీ ఎన్ని గంటలకు తీశారో ఫిర్యాదులోనే రాయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది, లోపలున్న వివరాలు చెరిగిపోతాయి, హాష్ మారిపోతుంది. అందుకే అసలు ఫైలుని ఫోన్‌లోంచి తుడిచేయకూడదు, నకలు కావాలంటే డాక్యుమెంటుగా పంపుకోవాలి. పోలీసులు ఫోను తీసుకుంటే సీజరు పంచనామాలో హాష్ విలువ రాయమని అడగాలి. సోదా, జప్తు వీడియో తీయాలని సంహితలో సెక్షన్ 105 చెబుతోంది. ఆ మాట గుర్తుచేయాలి. ఫోను మధ్యంతర కస్టడీకి ఇప్పించమని లాయరుతో పిటిషను వేయించాలి. ‘బి’ భాగానికి నిపుణుణ్ణి ఏర్పాటు చేయమని మండల న్యాయసేవల కమిటీకి, జిల్లా సంస్థకి అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. వాళ్ళు కాదంటే ఆ కాదన్న కాగితాన్నే గుంటూరు ప్రత్యేక కోర్టు ముందు పెట్టొచ్చు.